బొగ్గు మీద బజారు: గోదావరిఖనిలో మడిగెల విస్తరణ చరిత్ర

సింగరేణి గనుల చరిత్ర రాసినవారు బొగ్గు ఉత్పత్తి లెక్కలను, సమ్మెలను, ప్రమాదాలను ఎంతో శ్రద్ధగా నమోదు చేశారు గాని, ఆ గనుల చుట్టూ పుట్టిన బజార్లు ఎట్లా కట్టబడ్డాయి, కట్టిన తరువాత ఎట్లా పెరిగాయి అన్న సంగతికి అంత చోటు ఇవ్వలేదు. గోదావరిఖనిలో లక్ష్మీనగర్ వీధుల్లో బట్టల దుకాణాలు, బంగారు దుకాణాలు, కిరాణాలు, పాత్రల అంగళ్లు ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ నిలిచిన తీరు చూసినవారికి, ఇదంతా ఒక పథకం ప్రకారం ఒకేసారి కట్టిన వ్యాపార కేంద్రం కాదని, మొదట ఉన్న చిన్న కట్టడాలకు ముందువైపు కొంత, పైకి కొంత, వెనకకు కొంత చేర్చుకుంటూ దశాబ్దాల పాటు సాగిన పని అని వెంటనే అర్థమవుతుంది. ఆ చేర్పులు ఏ దిక్కుకు సాగాయన్నది వ్యాపారి కోరిక కంటే ఎక్కువగా పక్కనున్న నేల ఎవరిది, కిందనున్న బొగ్గు ఎవరిది అన్న రెండు ప్రశ్నల మీదే ఆధారపడింది. అందుకే ఈ బజారు కట్టడాల చరిత్ర, ఒక రకంగా, బొగ్గు పట్టణపు భూమి చరిత్ర కూడా అవుతుంది.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించగా, 1886లో లండన్‌లో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొంది, 1889 నాటికి అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. అదే 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1927లో బెల్లంపల్లిలో, 1937లో కొత్తగూడెంలో గనులు తెరుచుకున్నాయి. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీ వాటాలను కొనడంతో సింగరేణి ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. 1960లో కేంద్ర ప్రభుత్వం కూడా వాటాదారు అయింది. గోదావరికి దక్షిణపు ఒడ్డున రామగుండం బొగ్గు క్షేత్రం తెరుచుకున్నది ఈ చివరి దశలోనే, అంటే 1950ల చివర, 1960ల మొదట. అప్పటికే కాజీపేట నుంచి బల్లార్షాకు పోయే రైలు మార్గం మీద రామగుండం స్టేషన్ ఉండటం వల్ల బొగ్గు తరలించడానికి కొత్తగా దారి వెతుక్కోవలసిన అవసరం రాలేదు. జనగామ, మల్కాపూర్, మేడిపల్లి, లింగాపూర్ వంటి పల్లెల పొలాల నడుమ కొన్నేళ్లలోనే గోదావరిఖని పేరును కుదించిన జీడీకే అన్న పొడి అక్షరాలతో, వరుస సంఖ్యలతో గనులు వెలిశాయి. భూమిలోకి ఏటవాలుగా దిగే సొరంగ మార్గాన్ని ఇంక్లైన్ అంటారు. ఆ ఇంక్లైన్ల సంఖ్యలే తరువాత కాలనీల పేర్లయ్యాయి, కాబట్టి ఇవాళ ఫైవ్ ఇంక్లైన్ అన్నా, ఎయిటింక్లైన్ కాలనీ అన్నా ఖని జనానికి ముందు గుర్తుకొచ్చేది ఇళ్లే.

గని పట్టణానికి అంగడి ఎవరు కట్టాలి అన్న ప్రశ్న సింగరేణితో మొదలైనది కాదు. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో గని యజమానులే దుకాణం పెట్టి, కూలిని నాణేలుగా కాక ఆ దుకాణంలో మాత్రమే చెల్లే బిళ్లలుగా ఇచ్చి, కార్మికుడి సంపాదనను మళ్లీ తమ పెట్టెలోకే రాబట్టుకునే పద్ధతి ఎంత దుర్మార్గంగా పెరిగిందంటే, 1831లో పార్లమెంటు దాన్ని నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. దక్షిణ భారతంలో ఇందుకు దగ్గరి ఉదాహరణ కోలార్ బంగారు గనులు. అక్కడ గని హద్దుల లోపలి నేలంతా కంపెనీల ఆధీనంలో ఉండగా, తమిళ, తెలుగు కార్మికుల కొనుగోళ్లకు పనికివచ్చే బజారు ఆ హద్దుల బయట, మైసూరు ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో నిర్మించిన రాబర్ట్‌సన్‌పేటలో పెరిగింది. గని ఒకరిది, బజారు ఇంకొకరిది అన్న ఈ విభజన మంచిదే. ఎందుకంటే యజమానే అంగడిదారుడు కూడా అయినప్పుడు కార్మికుడికి బేరమాడే చోటు మిగలదు. అయితే కోలార్‌లో ఆ బయటి బజారుకు ముందే గీసిన వీధులు, కొలిచిన ప్లాట్లు ఉన్నాయి. గోదావరిఖనిలో బజారు గీతల కంటే ముందు పుట్టింది.

కంపెనీ తన వంతుగా ఆలోచించినవి క్వార్టర్లు, ఆసుపత్రి, క్లబ్బు, పాఠశాల, నీళ్ల ట్యాంకు. కాలనీల నడుమ అవసరానికి సరిపడా కొన్ని మడిగెలు ఉండేవి. మడిగె అంటే తెలంగాణలో ఒక్క దుకాణానికి సరిపోయే గది. ముందు షట్టరు, వెనక గోడ, పక్కలకు రెండు పొరుగు మడిగెలతో పంచుకునే గోడలు, ఇంతే దాని స్వరూపం. వరుసగా ఆరో ఎనిమిదో మడిగెలను ఒకే స్లాబు కింద కట్టి, ముందు సన్నటి వరండా వదిలితే అదే కాలనీ షాపింగ్ సెంటర్ అయ్యేది. దీనికి తోడుగా బొగ్గు పట్టణాల్లో సహకార పద్ధతిలో నడిచే సింగరేణి సూపర్‌బజార్లు వచ్చి, కార్మికుల కుటుంబాలకు బియ్యం, పప్పు, నూనె, సబ్బులు ఒకే చోట అందించాయి. క్వార్టర్ల సంఖ్యను బట్టి దుకాణాలను లెక్కగట్టే ఈ పద్ధతి వెనక, 1920ల చివర అమెరికాలో క్లారెన్స్ పెర్రీ రూపొందించిన ఇరుగుపొరుగు యూనిట్ అన్న ఆలోచన ఉంది. ఒక పాఠశాలకు సరిపడే జనాభాను ఒక గుంపుగా భావించి, ఆ గుంపు అంచుల్లో రోజువారీ దుకాణాలు పెట్టాలన్నది దాని సారం. స్వాతంత్ర్యం తరువాత మన ప్రభుత్వ రంగ సంస్థల టౌన్‌షిప్పులన్నీ దాదాపు ఇదే నమూనాలో వచ్చాయి. రామగుండంలో 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి చెందిన జ్యోతినగర్ టౌన్‌షిప్పు గాని, అక్కడే 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారపు కాలనీ గాని ఈ కోవలోవే.

ఈ నమూనాలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. అది రోజువారీ సరుకులను మాత్రమే లెక్కలోకి తీసుకుంది. పెళ్లి చీర, మంగళసూత్రం, ఇత్తడి బిందె, కుట్టుమిషను, సైకిలు వంటివి కొనడానికి మనిషి పది దుకాణాలు తిరిగి, ధర పోల్చి, బేరమాడి కొంటాడన్న సంగతిని అది పట్టించుకోలేదు. ఆ పది దుకాణాలూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటేనే గిరాకి వస్తుంది. కాబట్టి కాలనీ షాపింగ్ సెంటర్ ఎంత చక్కగా కట్టినా చిన్నదిగానే మిగిలిపోగా, నాలుగు దిక్కుల కాలనీలకూ అందుబాటులో ఉన్న చౌరస్తా చుట్టుపక్కల, లక్ష్మీనగర్‌లో, కల్యాణ్‌నగర్‌లో అసలు బజారు నిలదొక్కుకుంది. రామగుండం స్టేషన్ దగ్గరి పాత ఊరు, జ్యోతినగర్, ఎరువుల కర్మాగారపు కాలనీ, ఎయిటింక్లైన్ కాలనీ, గోదావరి అవతలి ఊళ్లు కూడా పెద్ద కొనుగోళ్లకు ఖనికి రావడం అలవాటు చేసుకున్నాయి. 2011 జనగణన నాటికి, గోదావరిఖని భాగంగా ఉన్న రామగుండం నగరపాలక సంస్థ జనాభా 2,29,644కు చేరింది. అంతకు రెండేళ్ల ముందు, 2009లోనే పట్టణం నగరపాలక సంస్థ స్థాయికి ఎదిగింది.

ఈ బజారు మడిగె పెరిగిన తీరును దగ్గరగా చూడటం అవసరం. బొగ్గు పట్టణాల బజార్లలో మొదటి చేర్పు ఎప్పుడూ ముందువైపే జరుగుతుంది. షట్టరు ముందు నాలుగు అడుగుల జాగాలో రెండు ఇనుప పైపులు పాతి, వాటి మీద సిమెంటు రేకులు వేస్తే ఎండ ఆగుతుంది, వాన ఆగుతుంది. ఆ నీడలో బల్ల వేస్తే సరుకు బయటికి వస్తుంది. కొన్నేళ్లకు ఆ రేకుల కింద నేల మీద బండలు పరుచుకుంటాయి, ఆ తరువాత పక్కలకు ఇటుక గోడ లేస్తుంది, చివరికి షట్టరే ముందుకు జరుగుతుంది. ఇట్లా అంగడి నాలుగు అడుగులు పెరిగితే వీధి నాలుగు అడుగులు తరుగుతుంది, ఎదుటి వరుస కూడా అదే పని చేస్తే ఎనిమిది అడుగులు తరుగుతుంది. మురుగు కాలువ ఆ చేర్పు కిందికి పోవడంతో దాన్ని శుభ్రం చేయడానికి సందు దొరకదు, వానాకాలంలో నీళ్లు మడిగెలోకే తిరిగివస్తాయి. రోడ్డు వెడల్పు చేయవలసి వచ్చినప్పుడు అధికారులు గీసే ఎర్ర గీత ఈ ముందటి చేర్పు మీదనే పడుతుంది. పాతికేళ్ల కిందట రేకులుగా మొదలైనది ఆ రోజున పక్కా గోడగా కూలుతుంది.

రెండవ చేర్పు పైకి సాగుతుంది. తెలంగాణ పట్టణాల్లో ఏ కొత్త స్లాబు మీద చూసినా స్తంభాల నెత్తిన ఇనుప సలాకలు పొడుచుకుని ఉంటాయి. అవి రాబోయే అంతస్తు స్తంభాలను పాత స్తంభాలతో కలపడానికి కావాలనే వదిలిన సలాకలు. డబ్బు చేతికందే దాకా అవి ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పడతాయి. పైపొర ఊడిన సలాకకు ఉన్న మందం తగ్గిపోతుంది, కొత్త కాంక్రీటు దాన్ని సరిగా పట్టుకోదు. జాగ్రత్త తెలిసిన మేస్త్రీ వాటికి సిమెంటు పాలు పూసి, పలుచటి కాంక్రీటు దిమ్మె కప్పి ఉంచుతాడు. అట్లా చేసిన చోట్ల పదిహేనేళ్ల తరువాత కూడా పని సజావుగా సాగుతుంది. కింది స్తంభం ఒక్క అంతస్తుకు లెక్కగట్టినదైతే, దాని చుట్టూ కొత్త సలాకలు కట్టి, కాంక్రీటు తొడుగు వేసి లావు పెంచవలసి ఉంటుంది. ఆ తొడుగు పునాది దాకా దిగకపోతే భారం పాత పాదం మీదనే పడుతుంది కాబట్టి, దుకాణం నేల తవ్వకుండా పైఅంతస్తు వేయడం అసలు విస్తరణే కాదని చెప్పాలి. అంగడి మూసి నేల తవ్వడమంటే నెలరోజుల గిరాకి పోవడం; చాలామంది యజమానులు ఇక్కడే రాజీపడతారు, ఆ రాజీ బయటికి కనిపించదు.

మెట్లు కూడా ఈ రెండవ చేర్పులో భాగమే. మొదట ఒక్క అంతస్తుకే అనుకున్న మడిగెలో మెట్లకు చోటు ఉండదు. అందుకని రెండు మడిగెల నడుమ మూడు అడుగుల సందులోంచి నిటారుగా మెట్లు ఎక్కిస్తారు. పైన బట్టల దుకాణం పెట్టినవారు కింది మడిగెలో కొంత భాగం అద్దెకు తీసుకుని లోపలి మెట్లు కట్టుకుంటారు. ఆ పని చేయలేని చోట పైఅంతస్తు దర్జీలకు, డాక్టర్ల గదులకు, కంప్యూటర్ శిక్షణ తరగతులకు, ఫొటో స్టూడియోలకు పోతుంది. మంటలు లేచినప్పుడు ఈ ఒక్క సన్నని మెట్ల దారే పైవారందరికీ దిక్కు కావడం ఇలాంటి బజార్ల అన్నింటికీ ఉన్న తీవ్రమైన ప్రమాదం, దీన్ని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు.

మూడవది వెనక చేర్పు. ఇది ఎక్కువగా ఇంటిని మింగుతుంది. వ్యాపార కుటుంబం మొదట ముందు గదిలో అంగడి, వెనక మూడు గదుల్లో కాపురం పెట్టుకుంటుంది. సరుకు పెరిగితే ఒక గది గోదాము అవుతుంది, తరువాత వంటిల్లు పైకెక్కుతుంది, చివరికి కాపురమే వేరే కాలనీకి మారి కింద మొత్తం అంగడి అవుతుంది. లోపలికి వెలుతురు రాదు కాబట్టి పగలు కూడా దీపాలు వెలుగుతుంటాయి.

ప్రపంచంలో పేరు పొందిన అనేక బజార్లు ఇట్లాగే, ఉన్నదానికి చేరుస్తూ పెరిగినవే. ఇస్తాంబుల్‌లోని కప్పు బజారు పదిహేనో శతాబ్దపు మధ్యలో రెండవ మెహమ్మద్ సుల్తాను కట్టించిన రాతి గోదాములతో మొదలై, వాటి చుట్టూ పుట్టిన వీధులకు కాలక్రమంలో పైకప్పు వేయడంతో వేలాది దుకాణాల సముదాయమైంది. అక్కడ చేర్పుకు ఒక క్రమం దొరికింది. వీధి మిగిలింది, వీధి మీద కప్పు వచ్చింది. గోదావరిఖనిలో కప్పు వీధి మీదికి కాక వీధిలోకి వచ్చింది. ఈ తేడా వల్ల బాటసారికి నడిచే చోటు తగ్గింది.

ఉన్న బజారును పద్ధతిగా విస్తరించడం ఎట్లాగో తెలుసుకోవడానికి తెలుగువారు ఇస్తాంబుల్ దాకా పోనక్కరలేదు, హైదరాబాద్‌లోని పత్తర్‌గట్టి సరిపోతుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాద్‌కు శ్రీకారం చుట్టినప్పటి నుంచి చార్మినార్‌కు ఉత్తరాన, చార్‌కమాన్‌ల మీదుగా మూసీ దాకా సాగే దారి ప్రధాన బజారుగానే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో వరద నివారణ పనులు మొదలయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు సందులను వెడల్పు చేయడం, మురికివాడల చోట గాలి వెలుతురు ఉన్న ఇళ్లు కట్టడం, బజార్లను పునర్నిర్మించడం ఆ మండలి పనులు. పత్తర్‌గట్టిలో దారిని వెడల్పు చేసి, దానికి రెండు వైపులా గ్రానైటు రాతి కమానులతో ఒకే ఎత్తు ముఖభాగాలు నిలబెట్టి, కింద మడిగెలను, పైన గదులను అమర్చారు. కమానుల వెనక నడవా ఉండటంతో ఎండలోను, వానలోను కొనుగోలుదారు నీడలోనే ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి నడవగలిగాడు. వ్యాపారి లోపల ఏం మార్చుకున్నా, బయటి రాతి ముఖం వీధంతటికీ ఒకటే. ముందుకు చేర్పు చేయవలసిన అవసరం అక్కడ తక్కువ, ఎందుకంటే ముందున్న నీడ ఇప్పటికే అందరిదీ అయి ఉంది. గోదావరిఖని వ్యాపారి తన డబ్బుతో, తన రేకులతో వేసుకున్న నీడను, పత్తర్‌గట్టిలో నగరం ముందే కట్టి ఇచ్చింది.

ఇదే ఆలోచన 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన రెండవ కుమారుడు మొజంజాహ్ పేరు పెట్టిన ఈ గ్రానైటు కట్టడం, దారులు కలిసే మూల మీద గడియార స్తంభంతో, రెండు వైపులకు సాగే కమానుల వరుసలతో, నడుమ విశాలమైన ఆవరణతో ఉంటుంది. పండ్లు, పూలు, మాంసం, అత్తరు అమ్మే మడిగెలన్నీ ఆ వరుసల్లో ఉండేవి. దశాబ్దాల తరువాత కమానుల ముందు రేకులు, బోర్డులు, ప్లాస్టిక్ తెరలు పేరుకుపోయి రాతి ముఖం మరుగునపడింది. 2018లో మొదలైన పునరుద్ధరణలో వాటిని తొలగించి, రాతిని కడిగి, 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. పథకంతో కట్టిన బజారు కూడా చేర్పుల నుంచి తప్పించుకోలేదని, అయితే మూలరూపం గట్టిగా ఉన్నప్పుడు చేర్పులను విప్పి తీసి పాతదాన్ని తిరిగి చూడటం సాధ్యమవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. గోదావరిఖని మడిగెకు అటువంటి మూలరూపం లేదు. దానిలోని చేర్పులన్నీ తీసేస్తే మిగిలేది ఒక్క గది, ఒక్క షట్టరు.

నేల పైన ఇంత జరుగుతుండగా, నేల కింద ఇంకొక పట్టణం తవ్వబడుతూ వచ్చింది. సింగరేణి భూగర్భ గనుల్లో చాలాకాలం సాగిన పద్ధతిని బోర్డ్ అండ్ పిల్లర్ అంటారు. బొగ్గు పొరలో నిలువుగా, అడ్డంగా దారులు తవ్వి, వాటి నడుమ చదరపు బొగ్గు స్తంభాలను పైకప్పుకు ఆధారంగా వదలడం దాని మొదటి దశ, ఆ స్తంభాలను కూడా చివరి వరుస నుంచి తీసుకుంటూ వెనక్కి రావడం రెండవ దశ. స్తంభాలు తీసిన చోట పైకప్పు కూలి, దాని ప్రభావం భూమి ఉపరితలం దాకా వచ్చి నేల కుంగవచ్చు. అందుకే 1957 బొగ్గు గనుల నిబంధనల్లో, రైలు మార్గం, ప్రజల రహదారి, గని యజమానికి చెందని భవనం వంటి వాటికి 45 మీటర్ల లోపు దాకా తవ్వకం సాగించాలంటే గనుల భద్రతాధికారుల ముందస్తు లిఖితపూర్వక అనుమతి ఉండాలని రాశారు. ఈ ఒక్క నిబంధన వల్ల పట్టణం కింద బొగ్గు స్తంభాలు నిలిచిపోవడం, బొగ్గు కావాలనుకున్నప్పుడు పట్టణం కదలాల్సి రావడం రెండూ జరిగాయి. పైనున్న ఒక్క బజారు ఎంతో బొగ్గును కింద కట్టివేయగలదు, కాబట్టి బొగ్గు పట్టణంలో అంగడి విస్తరణ అన్నది ఇటుకలు, సిమెంటు సంగతి మాత్రమే కాదు.

1970ల నుంచి విస్తరించిన ఓపెన్‌కాస్ట్ గనులు, అంటే పైమట్టినంతా తొలగించి బొగ్గును బాహాటంగా తవ్వుకునే గనులు, ఇంకొక సమస్య తెచ్చాయి. జీడీకే-5 భూగర్భ గని చోట ఓపెన్‌కాస్ట్ రావడంతో తవ్వకం పట్టణానికి మరింత దగ్గరైంది. రాతిని పగలగొట్టడానికి చేసే పేలుళ్ల అదురు భవనాలకు తగులుతుంది. గనుల భద్రత డైరెక్టరేట్ 1997లో జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం, గని యజమానికి చెందని ఇళ్ల వంటి కట్టడాల దగ్గర అదురు వేగం, దాని తరచుదనాన్ని బట్టి, సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. ఈ హద్దు ఒక మామూలు ఇంటిని దృష్టిలో పెట్టుకున్నది. పాత మడిగె మీద తొడుగు లేని స్తంభాలతో రెండంతస్తులు లేపిన కట్టడం ఆ మామూలు ఇంటి కంటే బలహీనంగా ఉంటే, హద్దు లోపలి అదురు కూడా దానికి ఎక్కువే కావచ్చు. పైగా గోదావరి లోయ భూకంపాలు బొత్తిగా లేని చోటేమీ కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర, 2024 డిసెంబర్ 4న ములుగు ప్రాంతంలో వచ్చిన భూకంపాలు ఈ లోయ వెంట ఉన్న పట్టణాలన్నిటికీ తెలిసినవే.

మడిగె పైకి లేవడానికి కావలసిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నకు జవాబు కార్మికుడి జీతంలోనే ఉంది. కార్మికుడి కుటుంబం నెలంతా ఉద్దెర మీద సరుకు తెచ్చుకుని, జీతం రోజున ఖాతా తీర్చే పద్ధతి బొగ్గు బజార్లన్నిటికీ ప్రాణం. సమ్మె కాలంలో ఈ ఉద్దెర మీదే ఎందరో కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలిగింది. 1981లో సింగరేణిలో 56 రోజులు సాగిన సమ్మె, ప్రత్యేక తెలంగాణ కోసం సాగిన 2011 సకల జనుల సమ్మెలో భాగంగా గని కార్మికులు 35 రోజులు పని ఆపిన కాలం ఇందుకు పెద్ద ఉదాహరణలు. అన్ని రోజులు ఖాతా తీరకపోయినా సరుకు ఇచ్చిన వ్యాపారి, సమ్మె ముగిశాక ఆ కుటుంబాన్ని ఏళ్ల తరబడి తన గిరాకిగా నిలుపుకున్నాడు. ఈ నమ్మకమే ఖని బజారు పునాదుల్లో అన్నిటికంటే గట్టిది. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనసు చేతికి వచ్చే వారాల్లో బంగారం, బట్టల దుకాణాలు కిటకిటలాడుతాయి. సంస్థ లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే పద్ధతి 1990ల చివర మొదలైంది. అంతకు ముందు 1992లోను, 1996లోను సింగరేణి ఖాయిలా పరిశ్రమగా పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ మండలి (బీఐఎఫ్ఆర్) ముందుకు వెళ్లింది. నష్టాల కాలంలో ఆగిన స్లాబులు లాభాల కాలంలో పూర్తికావడం బజారు లెక్కకు సహజమే.

కాని కార్మికుల సంఖ్య ఆ లాభాలతో పాటు పెరగలేదు. 1990ల మొదట్లో సంస్థ మొత్తం మీద లక్ష దాటిన ఉద్యోగులు, యాంత్రీకరణ వల్ల, ఓపెన్‌కాస్ట్‌ల వల్ల, స్వచ్ఛంద పదవీ విరమణల వల్ల తగ్గుతూ 40 వేల దగ్గరికి వచ్చారు. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడటంతో పట్టణానికి ఇంకొక పెద్ద జీతాల ఊట ఎండిపోయింది. అదే స్థలంలో కొత్తగా నిర్మించిన కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టినా, ఆధునిక యంత్రాలకు పాతంత మంది పనివారు అక్కరలేదు. బజారు మాత్రం చిన్నది కాలేదు. చుట్టుపక్కల మండలాల రైతు కుటుంబాలు, పదవీ విరమణ చేసి ఇక్కడే స్థిరపడిన కార్మికులు, కాంట్రాక్టు పనివారు, 2022లో తెరుచుకున్న వైద్య కళాశాలకు, ఆసుపత్రికి వచ్చేవారు ఆ ఖాళీని కొంత నింపారు. రెండో అంతస్తుల్లో డయాగ్నొస్టిక్ ల్యాబులు, కోచింగ్ తరగతులు, మొబైల్ మరమ్మతు కేంద్రాలు పెరిగాయి.

విస్తరణకు ఇప్పుడు వర్తించే నియమాల్లో ముఖ్యమైనవి 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు. ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి ముందు, పక్కల, వెనక వదలవలసిన ఖాళీ స్థలాన్ని, వాహనాలు నిలపడానికి కేటాయించవలసిన భాగాన్ని ఇవి నిర్ణయిస్తాయి. పెద్ద ప్లాటు మీద కట్టే కొత్త షాపింగ్ కాంప్లెక్సుకు ఇవి సరిగ్గా సరిపోతాయి. పదిహేను అడుగుల వెడల్పు మడిగె వీటికి లోబడటం కష్టం, ఎందుకంటే ముందు కొంత ఖాళీ వదిలినా అంగడి జాగా తరుగుతుంది. కాబట్టి చిన్న యజమాని నియమాలకు వెలుపలే ఉండిపోయి, 2007లో, ఆ తరువాత మళ్లీ వచ్చిన భవన క్రమబద్ధీకరణ పథకాల్లో జరిమానా కట్టి బయటపడే దారి చూసుకున్నాడు. రెండు మూడు మడిగెల యజమానులు కలిసి ఒకే కట్టడంగా పునర్నిర్మించుకుంటే మెట్లు, మరుగుదొడ్డి, నిప్పు నుంచి తప్పించుకునే దారి అన్నీ ఒకే చోట అమర్చవచ్చు. ఇందుకు నియమాల్లో ప్రోత్సాహం ఉండటం న్యాయం. అన్నదమ్ముల మధ్యనే గోడ లేచిపోయే రోజుల్లో పొరుగువారు కలవడం కష్టమే అయినా, పత్తర్‌గట్టి ముఖభాగాలు ఒక వీధి మొత్తాన్ని ఒకే కట్టడంగా చూసినందువల్లనే సాధ్యమయ్యాయన్నది గుర్తుపెట్టుకోదగినది.

ఈ లెక్కలన్నిటిలో కనిపించకుండా పోయేవారు పేవ్‌మెంటు మీద కూర్చుని కూరగాయలు, పూలు, ఉల్లి, ఎల్లిపాయలు అమ్మే మహిళలు. పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల నుంచి గంపలతో వచ్చి, మడిగె మెట్ల పక్కన గోనెపట్టా పరుచుకునే ఈ అమ్మకందార్లు నిజానికి ఖని బజారుకు అత్యంత పాత విస్తరణ. వారు ఏ గోడా కట్టలేదు, ఏ నేలా ఆక్రమించలేదు, మధ్యాహ్నానికి తిరిగి ఖాళీ చేశారు. 2014లో వచ్చిన వీధి విక్రేతల చట్టం, అమ్మకానికి తగిన ప్రాంతాలను గుర్తించి, విక్రేతలకు గుర్తింపు పత్రాలు ఇవ్వాలని, పట్టణ విక్రయ సంఘాల్లో వారికి భాగం ఉండాలని చెప్పింది. ముందుకు పెరిగిన మడిగె వారి కూర్చునే చోటును మింగింది. రోడ్డు వెడల్పు వారిని ఇంకో పక్కకు తోసింది. కాబట్టి ఏ వ్యాపార కేంద్రం విస్తరించినా, దాని ముందు వరండా ఎంత వెడల్పు, ఆ వరండాలో గోనెపట్టా పరుచుకోవడానికి ఎవరికి హక్కు అన్న ప్రశ్న పైఅంతస్తుల సంఖ్య కంటే ముందే అడగవలసినది.

నేల హక్కు సంగతి ఇంకా తేలుతూనే ఉంది. బొగ్గు పట్టణాల్లో ఎన్నో ఇళ్లు, దుకాణాలు గని అవసరాల కోసం సేకరించిన భూముల మీద, లేదా వాటి అంచుల మీద లేచినవి. వాటిలో ఉన్నవారికి కబ్జా ఉన్నా పట్టా లేదు. సింగరేణి తనకు అవసరం లేదని ప్రభుత్వానికి తిరిగి అప్పగించిన భూముల్లో ఇళ్లు కట్టుకున్నవారికి హక్కు కల్పించడానికి 2019లో తెలంగాణ ప్రభుత్వం 76వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. పట్టా చేతికందిన యజమాని దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోగలడు, నగరపాలక సంస్థకు ప్లాను సమర్పించి అనుమతి తెచ్చుకోగలడు, ఇంజనీరు చేత పునాది లెక్క వేయించి మూడంతస్తులు ఒకేసారి లేపగలడు. పట్టా లేని పక్కింటాయన ఒక దసరాకు స్లాబు, మరో దసరాకు గోడలు, ఇంకో దసరాకు షట్టరు అంటూ జీతాల రోజుల చుట్టూ తన చేర్పును సాగిస్తూ, ఇంకా రాని అంతస్తు కోసం స్తంభాల నెత్తిన సలాకలను వదిలిపెడుతున్నాడు.